నాన్న కిటికీలోని లిల్లీ

బెంగళూరు, 1961 ఏప్రిల్, ఆదివారం

నాన్న తన మంచం పక్కన కిటికీలో పెంచుకున్న లిల్లీ కుండీని చలికాలంలో పక్కింటి మునెమ్మకు ఇచ్చేశాను. ఆకులన్నీ ఎండిపోతే చచ్చిపోయిందనుకున్నాను. "గడ్డ నిద్రపోతా ఉండాదమ్మా, నీళ్ళు పోయకుండా ఊరికే ఉంచు" అని నాన్న చెబితే చాదస్తమనుకున్నాను. ఆ తరువాత, చూపున్నన్నాళ్ళూ ఆయన ఆ ఖాళీ కిటికీ వైపే చూసేవారు.

ఈరోజు చర్చి నుంచి వచ్చేసరికి మునెమ్మ కుండీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పూసింది సూడక్కా! పెద్దాయనకు సూపిద్దామని తెస్తిని."

ఎలా చూపించను? ఈలోగా నాన్నకు చూపు పూర్తిగా పోయింది. కుండీ ఆయన ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో రేకులు తడిమి, "ఎర్రగుండాదా అమ్మా?" అని అడిగారు.

ఎర్రగానే ఉంది. నేను కుండీ జారకుండా పట్టుకున్నాను. మునెమ్మే చెప్పింది.