తెరమీద ఉన్నది ఉన్నట్టు

గాలిలెక్కల ఆవిడకు,

మీ ఆయన రాయునది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, జిగురు కుండా క్షేమం. ఆ దీవిలో నువ్వూ, నీ వాతావరణ కేంద్రమూ, నీ గాలీ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం సరుకుల పడవ మీద మొన్న వచ్చింది. నాలుగు వైపులా రాశావు. ఆఫీసులో నీ కంప్యూటర్లను నడిపే యునిక్స్‌కు తమ్ముడి వరస సిస్టమ్ ఒకటి ఇంట్లో కూడా పెట్టుకోవచ్చని, అలా పెట్టుకుంటే గాలి లెక్కలు ఇక్కడే కూర్చుని చేసుకోవచ్చని, దీవికి మళ్ళీ పోనక్కర్లేదని ఈ కంప్యూటర్ కొన్నావు. ఈసారి కూడా అది దారికి రాకపోతే లెక్కల మాస్టారికి ఇచ్చేయమన్నావు. ఆ ఆశ వదులుకుని దీవిలో ఇంకో ఏడాదికి సంతకం పెట్టేస్తానన్నావు. ఆ కాగితం వచ్చే పడవలో నీ చేతికొస్తుందట. ఈ ఉత్తరం కూడా అదే పడవలో నీకు చేరాలి. అందుకని జాగ్రత్తగా రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, కానీ తగ్గిందని ఆవిడ ఒప్పుకోదు. వంటింటి కప్పు కారడం ఆగింది. ఫ్లాపీలు ఎక్కడ పెడుతున్నావని మళ్ళీ అడిగావు. అలమరలో, నిలువుగా పెడుతున్నాను. ఒక్కసారి చేసిన పనికి మనిషిని ఎన్నాళ్ళు దెప్పుతావు? సిస్టమ్ ఎక్కించే ఫ్లాపీల్లో ఒకటి మూల వంగి కంటపడితే పుస్తకాలు బైండు చేసేవాడు ఏం చేస్తాడు? ప్రెస్సులో పెట్టి బిగిస్తాడు. నేనూ అదే చేశాను. పొద్దున తీసేసరికి కొత్త అట్టలా చదునుగా ఉంది. కంప్యూటర్ మాత్రం దాన్ని ముట్టనంది. నువ్వు కంప్యూటర్ అమ్మిన కొట్టువాళ్ళకు రాసి ఇంకొకటి తెప్పించేదాకా సిస్టమ్ సగం ఎక్కి, సగం ఎక్కక గుమ్మంలోనే కూర్చుంది.

పాస్‌వర్డు సంగతీ అడిగావు. కొడుతుంటే తెరమీద ఏమీ పడటం లేదని కీబోర్డు విప్పి తుడిచిన మాట నిజమే. అది కనపడకుండానే కొట్టాలని నువ్వు రాసేదాకా నాకేం తెలుసు? పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టిన రోజు మరీ వింత. నాకు చిన్న అక్షరాలు రావనుకుందో ఏమో, అదీ పెద్ద అక్షరాల్లోనే జవాబివ్వడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుని చూస్తున్న మీ అమ్మ, నువ్వు గొంతు పెంచితే ఎదుటిది తగ్గుతుందా అంది. మన సంసారం గురించి అనలేదనే అనుకుంటున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది మెయిన్ స్విచ్చి. జిగురు కుండ వేడెక్కి నిప్పంటుకుంటుందేమోనని, పని ముగియగానే గది మొత్తానికి కరెంటు ఆపేసి బయటికి రావడం మా నాన్న నేర్పిన అలవాటు. కంప్యూటరూ ఆ గదిలోనే, ఆ స్విచ్చి మీదే. రోజూ పొద్దున అది లేచి, తన సరుకంతా తడుముకుని, ఎక్కడివో తెలియని ఫైళ్ళ ముక్కలన్నీ ఒక మూల పోగేసి, వాటి పేర్లు దొరక్క అంకెలు వేసేది. సిస్టమ్ ఎక్కించడమే తప్పిందనుకుని మొదటినుంచీ మళ్ళీ ఎక్కించాను. అప్పుడు నువ్వు రాసిన ఉత్తరం నాకు కంఠతా వచ్చు. ఆపేముందు దానికి చెప్పాలి, చేతిలో ఉన్నవన్నీ డిస్కులో సర్దుకోనివ్వాలి, అయిపోయిందని అదన్నాకే స్విచ్చి తీయాలి, చెప్పకుండా ఆపితే కుట్టు ఊడిన పుస్తకంలా దాని పేజీలు చెదిరిపోతాయి అని నాకు అర్థమయ్యేలా రాశావు.

ఆ కిందే ఇంకొంచెం రాశావు. అక్కడ గాలి హోరుకు నిద్ర పట్టడం లేదని, పక్కగదిలో వంటమనిషి వేసే ఈల ఆగిపోతే ఒంటరిగా భయమేస్తుందని, పడవ ఎక్కేటప్పుడు నాతో సరిగా మాట్లాడకుండా వెళ్ళినందుకు మనసు పీకుతోందని. అంతకుముందు నీ ఉత్తరాలు ఎలా ఉండేవో నీకు గుర్తుందో లేదో. క్షేమం, గాలి ఎక్కువగా ఉంది. అంతే. టెలిగ్రాం ఆఫీసులో మాటకింత అని కట్టి పంపినట్టు ఉండేవి.

ఇక నిన్నటి సంగతి. లెక్కల మాస్టారికి కూడా నువ్వు రాసినట్టున్నావు, ఆయన తోపుడుబండి తీసుకుని వచ్చారు. మోసుకెళ్ళే ముందు ఒకసారి చూద్దామని స్విచ్చి వేశారు. తెర వెలిగి పేరు అడిగింది. వేరే దారిలేక నా పేరు కొట్టాను, పాస్‌వర్డు కొట్టాను. ఏ గొడవా లేకుండా లోపలికి రానిచ్చింది. ఆయన అదీ ఇదీ కొట్టి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"దీనికి ఏ జబ్బూ లేదండీ. చెడిపోయిందని ఎవరన్నారు?"

గుమ్మంలోంచి మీ అమ్మే చెప్పింది.

"జబ్బు దానికి కాదు మాస్టారూ. మా అల్లుడు పొద్దున్నే ఏదో ఒక వైరు పీకుతాడు, తెరమీద ఏం పడిందో కాగితం మీద రాసుకుంటాడు, మళ్ళీ పెట్టేస్తాడు. మా అమ్మాయికి ఉత్తరం రాయాలిగా మరి."

మోకాలి నొప్పి వంకతో ఆవిడ పొద్దున్నే మంచం దిగదనుకున్నాను, అన్నీ చూస్తోందన్నమాట. మాస్టారు టీ తాగి, ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళిపోయారు.

ఇక దాచేదేముంది? ఆ స్విచ్చి ఉత్తరం వచ్చిన దగ్గరనుంచీ కంప్యూటర్ శుభ్రంగా పనిచేస్తోంది. బాగైందని రాయడానికి కూర్చున్నాను కూడా. అలా రాస్తే, సంతోషం, గాలి ఎక్కువగా ఉంది అని నువ్వు ముగించేస్తావని భయమేసింది. అందుకని లేచి వెళ్ళి ప్రింటరు వైరు పీకాను. తర్వాతిసారి అది చదువుకునే ఫైల్లో ఉండకూడని చోట ఒక చుక్క పెట్టాను. నీకు అబద్ధం రాయలేదు. చెడగొట్టి, చెడింది చెడినట్టే రాశాను. నువ్వు ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు రాసి, చివర్లో నీ సంగతులు చెప్పేదానివి. నేను ముందు ఆ చివరి పేజీ చదివేవాణ్ణి. ఈ పని నిన్ను ఇంకో ఏడాది అక్కడే కూర్చోబెడుతుందని మాత్రం నాకు తట్టలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. కోపం వస్తే వచ్చి తిట్టు, పడతాను. సంతకం మాత్రం పెట్టకు.

తెరమీద ఉన్నది ఉన్నట్టు, అక్షరం పోకుండా రాసి పంపమన్నావు కదా. ఈ పొద్దున అన్ని వైర్లూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, నీ పేరున కూడా లోపలికి వచ్చే ఏర్పాటు చేశాను. పాస్‌వర్డు ఇందులో రాయను, వచ్చాక చెవిలో చెబుతాను. తర్వాత, ఇప్పుడు లోపల ఎవరెవరున్నారని దాన్ని అడిగాను. ఒక్క వరసే పడింది. అందులో ఉన్నది నా పేరొక్కటే, నీ పేరు లేదు. ఈ లోపం నేను వైరు పీకి తెచ్చింది కాదు, నువ్వు ఉత్తరంలో చెబితే బాగయ్యేదీ కాదు.

ఇట్లు,
మీ ఆయన