ఒక్క పిలుపు

తల్లీ అర్గిరో, నీకూ పిల్లలకూ దీవెనలు. ఇది కూర్చుని చదువు.

మీ అన్న పందెలీస్ పడవ మునిగిందని కబురొచ్చాక నల్లబట్టలు వేసుకున్నాం గదా. నిన్న మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంటే ఎవరో తలుపు తట్టి, బొంగురు గొంతుతో "నాన్నా!" అన్నారు. నేను లేవబోతే మీ అమ్మ నా నోరు మూసేసింది.

"పలక్కయ్యా! సముద్రంలో పోయినవాళ్లు ఒక్కసారే పిలుస్తారు, పలికినవాణ్ణి పట్టుకుపోతారు. మనవాడైతే మళ్లీ పిలుస్తాడు."

ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మళ్లీ పిలవలేదు. అడుగుల చప్పుడు మెట్లు దిగిపోతోంది. అయ్యో, నా కొడుకైతేనో? పోతే నేనే పోతాననుకుని గడియ తీశాను.

పందెలీసే తల్లీ! వట్టికాళ్లతో, ఎముకల గూడులా ఉన్నాడు! టర్కీ జాలరులు నీళ్లలోంచి తీశారట.

"మళ్లీ పిలవలేదేంరా?" అంటే, "గొంతు పెగల్లేదు నాన్నా," అని గుసగుసగా అన్నాడు. మీ అమ్మ ముందు వాణ్ణి గట్టిగా గిల్లింది. వాడు చెయ్యి లాక్కున్నాకే వాటేసుకుని ఏడ్చింది. నేనైతే వీధిలో చిందులేశాను!

నువ్వూ నలుపు తీసెయ్యి. వాడి ఆత్మశాంతికి పంచాలని గోధుమలు నానబోశావా? పిట్టలకు వేసెయ్యి. అల్లుడి పాత బూట్లుంటే తీసిపెట్టు. చిన్నదాని దగ్గు తగ్గిందా?

శనివారం ఓడకు మీ అన్న నీ దగ్గరికి వస్తున్నాడు. గొంతు ఇంకా రాలేదు. తట్టగానే తలుపు తియ్యి తల్లీ.

మీ నాన్న,
మిహాలిస్