గడప పక్కన కొక్కేలు

నవంబరు 16, ఆదివారం

అన్నయ్యగారికి,

మీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం అని మొదలుపెట్టడం పద్ధతి. ఉత్తరం రాయడం నేర్పేటప్పుడు మా బడి పిల్లలచేత నేనూ అదే రాయిస్తాను. కానీ మా ఆయన పోయాక ఇక్కడ ఎలా ఉందో మీకు తెలుసు. అక్కడ ఎలా ఉందో వదిన ఫోనులో చెప్పింది. కాబట్టి ఆ ఒక్క వాక్యం ఇద్దరం వదిలేద్దాం.

మీ ఆసుపత్రి బోర్డు విప్పించి మెట్ల కింద పెట్టించారట. రోగులు వచ్చి తాళం చూసి వెళ్ళిపోతున్నారట. వదిన ఏమిటని అడిగితే, కళ్ళెదుట ఉన్న స్నేహితుడి జబ్బు కనిపెట్టి కూడా నోరు మూసుకు కూర్చున్నవాణ్ణి, ఇంకొకళ్ళ చెయ్యి పట్టుకుని నాడి చూసే మొహం నాకు లేదు అన్నారట. చెబుతూ చెబుతూ వదిన ఏడ్చేసింది. నాకు మాత్రం కోపం వచ్చింది. నా సంగతి మీకు తెలియనిదా, మా పంతులమ్మకి ఏడుపు కూడా కోపం వేషం వేసుకునే వస్తుందిరా అని మీ స్నేహితుడు మీతోనే కదా అనేవారు.

వచ్చే ఆదివారం మన ఊరివాళ్ళ క్లబ్బు సర్వసభ్య సమావేశం. గడప పక్కన ఉన్న కొక్కేల పలక తీసేయాలని, దానితోపాటు ఆ నియమం కూడా ఎత్తేయాలని వకీలుగారు తీర్మానం పెడుతున్నారు. అడ్డం పడగలిగినవాళ్ళు మీరొక్కరే. మీరేమో ఆ వీధి మొహమే చూడటం లేదు. అందుకే ఈ ఉత్తరం. చెప్పాల్సింది మొదటినుంచీ చెబుతాను, పంతులమ్మని కదా, పాఠం మధ్యలోంచి ఎత్తుకోవడం చేతకాదు.

అసలు క్లబ్బు పుట్టింది రోడ్డు మీద. ఆయన సర్వే టేపు రోడ్డుకి అడ్డంగా పట్టించి కొలుస్తుంటే, స్కూటరు మీద వచ్చిన పెద్దమనిషి ఎవరో ఆగి ఒక తిట్టు తిట్టాడట. ఆ తిట్టు మన ఊళ్ళో తప్ప ఇంకెక్కడా తిట్టరు. టేపు అక్కడే వదిలేసి ఈయన వెళ్ళి ఆ మనిషిని వాటేసుకున్నారు. చూస్తే చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న మీరు. అడుగుల చప్పుడు లేకుండా నడుస్తారని బడిలో మీకు పెట్టిన పేరు కూడా ఆయనకు గుర్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి, ఇవాళ పిల్లి దొరికాడే అన్నారు. నేను నిజంగానే పిల్లిని తెచ్చారేమో, ఇంట్లో పాలకి కాపలా కాయాలి కాబోలు అనుకున్నాను.

ఆ తరవాత మన ఊరినుంచి వచ్చి ఈ మహానగరంలో ఉద్యోగాలు వెలగబెడుతున్నవాళ్ళను మీరిద్దరూ వెతికి వెతికి పోగేశారు. వకీలుగారు, బ్యాంకాయన, ఇంకా ఒకరిద్దరు. అచ్చాఫీసు పై గదిలో కాగితం బేళ్ళ మీద కూర్చోవడం. కింద యంత్రం మొదలవగానే పైన గ్లాసుల్లో టీ వణికేది. మొదటి ఆదివారం ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా. ఊరి కబుర్లు చెప్పుకుందామని చేరినవాళ్ళు, డాక్టరు కనబడగానే ఊరు సంగతే మరిచిపోయారు. వకీలుగారు పంట్లాం పైకి మడిచి మోకాలు చూపించారు. బ్యాంకాయన నాలుక బయటపెట్టారు. మీరు టీ చల్లారబెట్టుకుని అందరికీ జవాబులు చెబుతూనే ఉన్నారట.

మరుసటి ఆదివారం ఆయన ఒక పలకకి కొక్కేలు బిగించి పట్టుకెళ్ళారు. తలుపు పక్కన మేకులు కొట్టి నిలబెట్టి, ఎవరి వృత్తి సామాను వాళ్ళు ఇక్కడ తగిలించండి, గడప దాటాక ఇక్కడెవడూ ఏమీ కాదు, ఊరివాళ్ళం, అంతే అన్నారు. మీ స్టెతస్కోపు, ఆయన టేపు, వకీలుగారు కోర్టుకి కట్టుకునే తెల్ల మెడపట్టీ, బ్యాంకాయన తాళాల గుత్తి. లోపల ఎవరైనా వృత్తి మాట ఎత్తితే ఆ పూట టీ గ్లాసులన్నీ వాళ్ళే కడగాలి. ఒకరి ఒంటి గురించి ఒకరు అడిగినా అదే శిక్ష. వకీలుగారు కడిగిన గ్లాసులకు లెక్కే లేదు, ఆయన నోరు ఆగదు కదా. మీరు మాత్రం ఒక్కసారి కూడా కడగలేదు. మిమ్మల్ని రోగులనుంచి కాపాడటానికే ఆ నియమం పెట్టాడని అందరూ అనుకున్నారు. మీరు కూడా వార్షికోత్సవంలో అదే చెప్పారు, నా కోసం ఒక గది కట్టాడు నా స్నేహితుడు అని.

నేను ఎప్పుడు చేరానో గుర్తుందా. వాన పడుతోందని ఆయనకు గొడుగు ఇవ్వడానికి వచ్చి, వాన తగ్గేదాకా కూర్చోమంటే కూర్చుని, క్యారమ్స్‌లో వకీలుగారిని ఓడించాను. ఆడవాళ్ళకు సభ్యత్వం ఇవ్వాలా వద్దా అని వాళ్ళు చర్చిస్తుండగానే నా సుద్దముక్కల డబ్బా కొక్కేనికి తగిలించేశాను. తాడు కట్టి మరీ తగిలించాను, తరవాత ఎవరూ తియ్యలేకపోయారు.

గది చాలక టైపు ఇన్‌స్టిట్యూటు పైన హాలుకి మారాం. అదీ చాలక సొంత భవనం కట్టుకున్నాం. స్థలం ఆయనే కొలిచారు. ఇప్పుడు లిఫ్టు, అద్దాల తలుపు, గోడ మీద చలవరాతి పలక, దాని మీద సభ్యుల పేర్లు, పేరు పక్కన పేరంత పొడుగు డిగ్రీలు. కొత్తగా చేరినవాళ్ళు మీది ఏ వీధి అని అడగరు, మీరేం చేస్తుంటారు అని అడుగుతారు. జేబుల్లోంచి కార్డులు తీసి పంచుకుంటారు. ఒకాయన కొక్కేనికి ఏం తగిలించాలో తెలియక కారు తాళం తగిలించాడు. మీ స్నేహితుడు ఆ పూటంతా నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం, చెట్టు పెరిగితే నీడ పెరగాలి గానీ, కింద కూర్చునే చోటు తగ్గిపోతే ఎలాగే అన్నారు. అయినా ఒక్క ఆదివారం మానలేదు. ఆ పలకను అచ్చాఫీసు గదినుంచి హాలుకి, హాలునుంచి కొత్త భవనానికి స్వయంగా భుజాన వేసుకుని మోసుకెళ్ళారు.

మీరు వదినకి చెప్పుకున్నవన్నీ వదిన నాకు చెప్పింది. తప్పుగా అనుకోకండి, భారం మొయ్యలేక చెప్పింది. చెప్పుల స్టాండు దగ్గర ఆయన తాళ్ళ బూట్ల చోట వదులు చెప్పులు కనబడ్డాయి. హాలు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఇన్‌స్టిట్యూటు వాళ్ళు అంటించిన పాత ప్రకటనను ప్రతి వారం కొత్తగా చదివేవారు. కొత్త భవనంలో నాలుగడుగులు వేసినా ఊపిరి అందక, నవ్వుతున్నట్టు నిలబడేవారు. ఇవన్నీ మీ కళ్ళు చూశాయి. గుండె పని అని మీకు అర్థమైంది. అడుగుదామని నోరు తెరిచిన ప్రతిసారీ ఆ కొక్కేలు కనబడ్డాయి, మింగేశారు. బయట పట్టుకుని అడుగుదామనుకున్నారు, ఆయన దొరకలేదు. ఇంతలో ఒక మధ్యాహ్నం మా ఇంట్లో, గీస్తున్న స్థలం పటం ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలు చేతిలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయారు. టీ తెస్తానని లోపలికెళ్ళిన దాన్ని, తెచ్చేసరికి ఇల్లు ఖాళీ అయిపోయింది అన్నయ్యా.

సంతాప సభలో మీరు మాట్లాడతారని అందరూ ఎదురుచూశారు. మీరు లేచి తిన్నగా వెనక గదిలోకి వెళ్ళారు. టీ గ్లాసులన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే కడిగారు. వకీలుగారు వచ్చి ఇలా ఇవ్వవయ్యా అని చెయ్యి పెడితే ఆ చెయ్యి పక్కకి నెట్టారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. అన్నీ బోర్లించి, చేతులు తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయారు. స్టెతస్కోపు తీసుకోలేదు. అది ఇంకా ఆయన టేపు పక్కనే వేలాడుతోంది. ఆదివారం ఆదివారం రెండింటి మీదా దుమ్ము నేనే తుడుస్తున్నాను. ఆ పని చేసేటప్పుడు మాత్రం కోపం రాదు.

ఇప్పుడు వకీలుగారి మాట. అమ్మా, ఆ నియమం మనిషిని మింగేసింది, ఇంకా గోడకి పెట్టుకుని పూజ చేస్తామా అన్నారు. అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు. పలక ఉన్న చోట మీ స్నేహితుడి ఫొటో పెడతారట. గదిని వైద్య సలహాల గది చేసి దానికీ ఆయన పేరే పెడతారట. వైద్య సలహాలు పక్క గదిలో పెట్టుకోమనండి, నేనే కుర్చీలు తుడుస్తాను. కానీ ఆ ఒక్క గదిని అలాగే ఉండనివ్వాలి. ఎందుకని అడిగితే సభలో నేను చెప్పలేను. భర్త పోయిన మనిషి, మొండికేస్తోంది పాపం అనుకుంటారు. మీరు వచ్చి ఉండనివ్వండి అంటే చాలు, ఇంకెవరూ నోరెత్తరు.

రండి అన్నయ్యా. మీరు రాకపోతే ఆ పలక పాత సామాన్ల గదికి పోతుంది, మీ బోర్డు మెట్ల కిందే ఉండిపోతుంది. ఒకేసారి రెండూ పోవడం నేను చూడలేను. మీ వీధి చివర కుట్టుపని చేసుకునే ఆవిడ రోజూ వచ్చి, డాక్టరుగారికి ఒంట్లో బాగుందా అని వదినని అడిగి పోతోందట. ఆవిడ తన జబ్బు మాట ఎత్తడమే మానేసింది, మీ జబ్బు గురించే అడుగుతోంది. ఇదేమైనా బాగుందా చెప్పండి.

వదినను అడిగానని చెప్పండి. మీకు మళ్ళీ నమస్కారాలు. ఆదివారం కొక్కేల దగ్గర కనబడతారని ఆశపడుతూ,

మీ చెల్లెలు,
పంతులమ్మ

తా.క. ఈ సంగతి మీకెవరికీ చెప్పనని ఆయనకు మాటిచ్చాను. చూశారుగా, ఉత్తరంలో ఎక్కడా చెప్పలేదు. సంతకం పెట్టేశాక రాసేదానికి ఆ మాట వర్తించదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. వకీలుగారితో అనకండి, వాదనకి దిగుతారు.

ఆయనకు తన జబ్బు ముందే తెలుసు. మీరు రోడ్డు మీద దొరకకముందే, మేం ఈ నగరానికి రాకముందే తెలుసు. గుండె కండరం మెల్లమెల్లగా బలం తగ్గిపోయే జబ్బు. సర్వే పని మీద వేరే ఊరు వెళ్ళొస్తానని మీకు చెప్పిన ప్రతిసారీ, మేమిద్దరం అక్కడి గుండె డాక్టరు దగ్గరకే వెళ్ళాం. మందు ఒక్క పూట మానలేదు, నేను మాననివ్వలేదు. చెయ్యగలిగిందంతా చేస్తున్నాం, ఇంతకు మించి లేదు అని ఆ డాక్టరు చివరిసారి నా చెయ్యి పట్టుకుని చెప్పారు. మీరు నోరు తెరిచి అడిగి ఉన్నా ఆయన ఇంకొక్క రోజు ఎక్కువ బతికేవారు కాదు.

పాత ఆఫీసులో సంగతి తెలిసిపోయాక ఆయన చేతిలోంచి టేపు లాక్కున్నారు. లేవబోతే పట్టుకునేవారు, వస్తుంటే గొంతు తగ్గించేవారు. ఆటలో కావాలని ఓడిపోయేవారు. బతికుండగానే నాకు సంతాప సభ పెట్టేశారే అని ఇంటికొచ్చి బాధపడ్డారు. ఆ ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చింది అందుకే. ఆ కొక్కేలు మీకోసం కాదు అన్నయ్యా, తనకోసం బిగించుకున్నారు. తనతో మామూలుగా పోట్లాడే చోటు ఒక్కటి కావాలనుకున్నారు.

పోయే ముందు ఆదివారం క్లబ్బునుంచి చాలా సంతోషంగా వచ్చారు. పిల్లి చూసేశాడే అన్నారు. నా కాళ్ళ వాపు చూశాడు. తలెత్తకుండా బల్ల కిందనుంచి స్టూలు కాలితో నా వైపు తోశాడు, కాళ్ళు పెట్టుకోమని. ఒక్క మాట అనలేదు. ఆ వెంటనే నేను తొండి చేశానని నా స్ట్రైకరు లాక్కుని, రోడ్డు మీద తిట్టిన ఆ పాత తిట్టే మళ్ళీ తిట్టాడు. ఇలాంటివాడు ఒక్కడు చాలే అన్నారు. ఆ రాత్రి, ఊపిరాడటానికి రోజూ పెట్టుకునే ఎత్తు దిండ్లు లేకుండానే నిద్రపోయారు.

ఆ గ్లాసులు మీరు కడగవలసినవి కావు అన్నయ్యా.