రెండు-నాలుగు చెయ్యి

ఆళ్లగడ్డ,
గురువారం

బిడ్డ తస్నీమ్‌కు నాయన కరీముల్లా దువా చేసి రాసేది.

ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే మూడు రోజులుగా చూశాను. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్నామె నన్ను మ్యూజియంలో వస్తువును చూసినట్టు చూసింది. కానీ ఏం చేసేది? ఫోన్లో నేను నోరు తెరిస్తే మీ అమ్మ స్పీకరు పెడుతుంది, నా జవాబు కూడా తనే చెబుతుంది. నువ్వు పలమనేరు నుంచి మన గాజులంగడి అడ్రసుకు ఉత్తరం రాసింది కూడా అందుకేగదా. ఇక్కడ అందరమూ క్షేమమని రాయాలి. అందులోంచి మీ అమ్మ కళ్లనూ నా మనశ్శాంతినీ తీసేసి, మిగిలింది క్షేమమనుకో. మీరంతా చల్లగా ఉండాలి.

నీ మొదటి ప్రశ్న, తలలో గడ్డ అంటే క్యాన్సరా అని. కాదు. నంద్యాలలో హార్మోన్ల డాక్టరు సౌజన్యమ్మ మూడుసార్లు చెప్పింది, కాదని. అయినా నేను ఊరుకోలేదు. నేను ఏడో తరగతితో ఆపినవాణ్ణే అయినా లైబ్రరీలో పుస్తకం తీసి రెండు రోజులు కూర్చున్నాను. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి చిన్న తొడిమకు వేలాడుతుంటుంది. పుస్తకంలో పీయూష గ్రంథి అని రాశారు, డాక్టరమ్మ పిట్యూటరీ అంటుంది. మెదడు దానికి రక్తంలోనే కబురు పంపుతుంది. అది గొంతులోని గ్రంథికి, మూత్రపిండాల మీది గ్రంథులకు, ఇంకా ఎన్నిటికో పనులు పురమాయిస్తుంది. పని అయిందన్న కబురు మళ్లీ రక్తంలోనే పైకి పోతుంది. అప్పుడు మెదడు చాలు అంటుంది, గింజ ఆగుతుంది. మనం ఫిరోజాబాదు సేటుకు ఇరవై పెట్టెలు పంపమని చెప్పి, అంగడి నిండగానే ఇక చాలని ఫోను చేస్తాం చూడు, అట్లా. ఒక సంవత్సరం ఆ సేటు ఫోను ఎత్తలేదు. ముప్పై పెట్టెల పచ్చగాజులు దిగాయి. అహోబిలం తిరునాళ్లకు పోయి, జీపు దిగిన ప్రతి ఆడమనిషినీ బతిమాలి అమ్మాను. సరే, ఆ సంగతి వదిలెయ్.

మీ అమ్మకు ఆ గింజలోనే చిన్న గడ్డ లేచింది. అది చాలు అన్న మాట వినదు. ఒళ్లు పెరిగే రసాన్ని చేస్తూనే ఉంటుంది. ఈ వయసులో ఎముకలు పొడుగు పెరగవు కాబట్టి లావెక్కుతాయి. చేతులు, పాదాలు, దవడ. నాలుక కూడా. ఆ గురక దానివల్లేనంట, షుగరూ దానివల్లేనంట. ఇన్నాళ్లూ గురకకు నేను దిండును తిట్టాను.

ఇదంతా మీ అమ్మకు ఓపికగా చెప్పాను. విని ఏమందో తెలుసా?

"అంటే నా తలకాయలో చెప్పిన మాట ఇనని గింజ ఒకటుండాదంటావ్."

"అవును."

"నీ తలకాయంతా అంతే గదా. నిన్నెవురూ కొయ్యలేదే?"



నీ రెండో ప్రశ్న, ఆపరేషన్ ఎందుకు వద్దంటోందని. బిడ్డా, గడ్డ పెరిగి పైనున్న కంటి నరాలను నొక్కుతోంది. పక్క చూపు పోతోంది. మొన్న అన్నం దగ్గర ఆమెకు ఎడమ పక్కన మూరెడు దూరంలో కూర్చుని నీళ్లడిగితే, "యాడుండావప్పా, ఇట్లా ఎదురుగా వచ్చి అడుగు" అంది. ముక్కులోంచి పోయి గడ్డ తీస్తారంట, తొందరగా తీస్తే చూపు తిరిగి రావచ్చునంట. ఆలస్యమైతే తను హామీ ఇవ్వలేనని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. పక్కింటి రంగనాయకమ్మ చెప్పి చూసింది. నేను అరిచి చూశాను. డాక్టరమ్మ స్కానింగు ఫిల్ము లైటు మీద పెట్టి చూపించింది. మీ అమ్మ చెయ్యి చాపి కూర్చుంది.

"ఒళ్లు పెరిగే రోగమైతే నా చెయ్యి పెరగొద్దా మేడం? నాది రెండు-నాలుగు చెయ్యి. పెండ్లినాటి నుంచి అదే సైజు ఏసుకుంటాండా. మా ఇంటాయనది గాజులంగడే, అడగండి. ఆ పోటో ఇంకెవురిదో."

డాక్టరమ్మ ఆ చేతిని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను ఫ్యానును చూశాను.

నీ మూడో ప్రశ్న, ఇది ఎప్పటి నుంచి ఉందని. ఆ జవాబు రాయలేకే మూడు రోజులు ఎగ్గొట్టాను.

ఆరేళ్ల నుంచి. నాకు తెలుసు.

ఆరేళ్ల కింద రంజాన్ ముందర సబ్బు రాసి ఎక్కించినా రెండు-నాలుగు ఆమెకు ఎక్కలేదు. మూడు గాజులు పగిలి మణికట్టు మీద గీసుకుంది. చిన్న చెయ్యి అని ఆమెకెంత గొప్పో నీకు తెలుసు. కండ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూడలేక, "గాజు మంచిది కాదులే, ఈ కాలంలో కంపెనీలు సైజు తగ్గిస్తాండాయి" అన్నాను. మరుసటి రోజు రెండు-ఆరు గాజులను రెండు-నాలుగు పెట్టెలో పెట్టి తెచ్చి వేశాను. వేసేది నేనే గదా, ఆమె పెట్టె మీది చీటీ చూస్తుంది గానీ గాజు కొలత చూడదు. తర్వాత రెండు-ఎనిమిది. ఇప్పుడు రెండు-పది. ప్రతిసారీ అదే చీటీ. చెప్పులు బిగుతైనప్పుడు కూడా కంపెనీలను తిట్టింది. ఆ మాట నేర్పింది నేనే.

అంతటితో పోలేదు. మూడేళ్ల కింద షుగరు వచ్చినప్పుడు నంద్యాలలో ఒక డాక్టరు ఆమెను సూటిగా అడిగాడు, గాజులు, ఉంగరాలు బిగుతవుతున్నాయా అని. "లేదు సార్, అదే కొలత" అంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. అప్పటికే రెండు-ఎనిమిది. నోరు తెరిస్తే ఇంటికొచ్చాక జరిగే గొడవ కళ్లముందు కనిపించింది. ఊరుకున్నాను. ఆయన షుగరు మాత్రలు రాసి పంపేశాడు. గింజంత గడ్డకు మూడేళ్లు ఇచ్చిందెవరంటే నేనే. ఊళ్లో మణికట్టు చూడగానే కొలత చెప్పేవాడినని పేరుంది నాకు.

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను. ఇది శుక్రవారం మధ్యాహ్నం.

పొద్దున చాయ్ తాగుతుంటే చెప్పేశాను. నమ్మలేదు. అసలైన రెండు-నాలుగు గాజు తెచ్చి చేతికిచ్చాను. తనే ఎక్కించి చూసుకుంది. వేళ్ల కణుపులు కూడా దాటలేదు.

"ఎన్నేండ్ల నుంచి?"

"ఆరేండ్లు."

"ఆ సార్ అడిగిన దినం నీకు తెలుసునా?"

"తెలుసు."

తిట్లకు సిద్ధంగా కూర్చున్నాను. ఒక్క తిట్టూ రాలేదు. నలభై ఏళ్లుగా ఆమె నోటికి అలవాటు పడినవాణ్ణి, ఖాళీ చాయ్ గ్లాసునే మళ్లీ ఎత్తి తాగాను. లేచి చీర మార్చుకుని రంగనాయకమ్మను పిలిచింది. నేనూ చెప్పులు వేసుకుంటుంటే, "నువ్వొద్దు. అంగడి చూసుకో పో" అంది. ఇద్దరూ నంద్యాల బస్సెక్కి పోయారు.

ఇప్పుడే తిరిగొచ్చారు. డాక్టరమ్మ కర్నూలు ఆసుపత్రికి ఫోన్ చేసి మాట్లాడిందంట. ఆపరేషన్ ఈ నెల పద్దెనిమిది. ఈ సంగతి కూడా మీ అమ్మ నాకు చెప్పలేదు, నేను వింటుండగా రంగనాయకమ్మకు మళ్లీ చెప్పింది. ఆసుపత్రిలో తోడుకు నేను వద్దంట, నువ్వు రావాలంట. "అంగడి అడ్రసుకు రాసుకుంటాండారు గదా, అట్లనే రాయమను" అంది ఆమెతోనే. ఆమెకు ఎట్లా తెలిసిందో నన్ను అడగొద్దు. పదిహేడుకు లీవు పెట్టి రా.

బస్టాండు దగ్గర వేరే అంగట్లో కొలత అడిగి, డజను రెండు-పది గాజులు వేయించుకుని వచ్చింది.

ఇట్లు,
మీ అమ్మతో మాటల్లేని
మీ నాయన