హైదరాబాదులో పుట్టే విమానం

బత్తలపల్లె,
8-8-1966

తమ్ముడు దాదాపీర్‌కు అక్క జుబేదా దువాలు.

పెద్దదాన్ని కాబట్టి దువాలు రాశాను. మిగతా ఉత్తరంలో నీకు అలాంటి దీవెనలేమీ దొరకవు.

చెల్లెలి నికాకు ఎందుకు రాలేకపోయావో నువ్వు ఢిల్లీ నుంచి అమ్మకు రాసిన ఉత్తరం నేనే చదివి వినిపించాను. నువ్వు ఎవరింట్లో వంట చేస్తున్నావో ఆ కంట్రాక్టరే టికెట్టు కొనిచ్చాడు. హైదరాబాదు దాకా విమానంలో వచ్చావు. అక్కడ దిగి బెంగళూరు విమానం ఎక్కాలి. అది బొంబాయి నుంచి రావాలి, బొంబాయిలో కుండపోత వాన, అది రాలేదు, నువ్వు వెనక్కి వెళ్లిపోయావు. వాన అన్న మాట వినగానే చినుకు కోసం చూస్తున్న ఇక్కడి జనం ముందు నోళ్లు తెరిచారు, తర్వాత నిన్ను తిట్టారు. అమ్మ మాత్రం నీ కోసం ఏడ్చింది.

ఆ ఆదివారం సోమందేపల్లెలో ఏం జరిగిందో నీకు ఎవరూ పూర్తిగా రాసి ఉండరు. పెళ్లికొడుకు, అంటే మా మరిది, మొహానికి పూల సెహరా కట్టుకుని పందిట్లో చెమటలు కారుస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు అయింది, సాయంత్రం అసర్ కూడా అయింది. విమానంలో వచ్చే అన్నను చూద్దామని పిలవనివాళ్లు సైతం వచ్చి రోడ్డు మీద నిలబడ్డారు. ఊరంతా చాటింపు వేసింది నేనే, ఆ తప్పు నాదే. చివరికి మా అత్త లేచింది. "నాయన ల్యాడు. అన్న బతికుండి గూడా రాల్యా. ఆయప్పకు ఇష్టం ల్యాకనే కదా? రేపు మాకు మాటొస్తాది" అని తన వాళ్లందరినీ లేపుకుని పోయింది. గోరింటాకు చేతులతో ఖాతూన్ లోపలే ఉండిపోయింది.

ఇక నీ విమానం సంగతి. మా పక్కింటి నబీ సాబ్ వేరుశెనగ మూటల లారీ వేసుకుని వారం వారం బెంగళూరు పోతాడని నీకు తెలుసు. కనుక్కుని రమ్మని పంపాను. లుంగీ దులుపుకుని విమానాల ఆఫీసులోకి పోయాడట. ఎప్పుడు ప్రయాణం అని అక్కడి గుమాస్తా అడిగితే, "నేను పొయ్యేది ల్యా సామీ, హైదరాబాదు నుంచి వచ్చే ఇమానం యాడ మొదలవుతాదో చెప్పు చాలు" అన్నాడట. ఆయన పుస్తకం తీసి చూశాడు. ఆ విమానం ఎక్కడి నుంచీ రాదు. రాత్రి హైదరాబాదులోనే ఉండి, తెల్లవారి హైదరాబాదులోనే బయలుదేరుతుంది. బొంబాయిలో వాన పడితే దానికేంటి, పిడుగు పడితే దానికేంటి? ఆ ఆదివారం అది వేళకే వచ్చిందని గుమాస్తా కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. ఆ కాగితం ఇందులోనే పెట్టాను, చదువుకో.

మా అత్త మళ్లీ దిగివచ్చింది. వచ్చే నెల నికా పెట్టుకుందాం అంటోంది, నువ్వు వచ్చి పెద్దల ముందు తప్పు ఒప్పుకుంటేనే. ఇది కూడా తప్పితే ఆ పిల్లను ఇంకెవరు చేసుకుంటారు? అబద్ధం ఎందుకు చెప్పావు? చెల్లెలి పెళ్లి చెడగొడితే నీకేం వచ్చింది?

ఇంకా నీకు అక్కనే అయిన
జుబేదాబీ


సోమందేపల్లె,
18-8-1966

అక్కకు ఖాతూన్ సలాములు.

అన్న నీ ఉత్తరం నాకు పంపాడు. తాను జవాబు రాయడట. అందుకని నేను రాస్తున్నాను. అన్న అసలు ఢిల్లీలోనే విమానం ఎక్కలేదు. రావద్దని రాసింది నేను. వస్తే నికా జరిగిపోతుంది. పిల్ల తరఫున వకీలుగా పెట్టిన పెద్దమనిషి లోపలికి వచ్చి ఇష్టమేనా అని మూడుసార్లు అడుగుతాడు, ఆడపిల్ల ఊరుకుంటే ఒప్పుకున్నట్లే రాసుకుంటారు. అంతమందిలో వద్దనే ధైర్యం నాకు లేదు. నీకు ముందే చెప్పలేదని అనకు. గోరింటాకు పెట్టేటప్పుడు చెప్పాను. "పెద్దింట్లో పడతాండావు, నోర్మూసుకో" అని చెంప మీద కొట్టావు.

ఎందుకు వద్దో నువ్వు అడగలేదు. ఇప్పుడు చెబుతాను. నాయన పోయి ఏడేళ్లు కావస్తోంది. నీ కోసం పొద్దు గూకేదాకా మట్టి చేయకుండా ఆపారు. నువ్వు మూడో రోజు వచ్చి, ఆ రోజు ధర్మవరం బస్సు మీ ఊరికి రాలేదన్నావు. రెండేళ్ల కింద నీ కాన్పుకు వచ్చి మీ ఇంట్లో నెల ఉన్నాను. ఆ బస్సు రాత్రి మీ ఇంటి ఎదురుగానే నిలబడి ఉంటుంది. పొద్దున్నే డ్రైవరు మీ గడప దగ్గరే మొహం కడుక్కుంటాడు. ఎప్పటి నుంచి ఇక్కడ మొదలవుతోందని నబీ సాబ్‌ను అడిగితే, "మీ అక్క ఈ ఊరికి రాకముందు నుంచీ" అన్నాడు.

అప్పుడే అన్నకు చెప్పాను. "అక్కను అడగాకు, సిగ్గుపడతాది" అన్నాడు. అడగలేదు. కన్నతండ్రి మొహం చూసుకోనీయని ఇంటికి నేను రాను. విమానాలు ఎక్కడ మొదలవుతాయో కనుక్కునే నువ్వు ఆ ఇంటి సంగతి నాకు చెప్పకుండా నన్నెందుకు పిలిచావక్కా?

నీ చెల్లెలు
ఖాతూన్‌బీ


బత్తలపల్లె,
30-8-1966

తమ్ముడు దాదాపీర్‌కు,

ఖాతూన్ ఉత్తరం చదివి మూడు రోజులు దాన్ని తిట్టుకున్నాను. నాలుగో రోజు తిట్లు అయిపోయాయి.

నాయన పోయిన రోజు తెల్లవారకముందే కబురు వచ్చింది. వేరుశెనగ పెరికే రోజులు. కూలీలకు సంగటి చేసేవాళ్లు ఎవరు, రేపు పోదువులే అన్నాడు మీ బావ. నేను చెప్పులు వేసుకుంటుంటే అత్త బయట గొళ్లెం పెట్టింది. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. గొళ్లెం పెట్టారు, అంతే. ఎక్కేవాళ్లు రావాలని డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. తర్వాత బస్సు వెళ్లిపోయింది. పుట్టింటి ముందు నా మొగుడి పరువు పోకూడదని తప్పు బస్సు మీద పెట్టాను. చెల్లెలు ఈ ఇంటికి వస్తే నాకంటూ ఒక మనిషి ఉంటుందనుకున్నాను. దాని సంగతి ఆలోచించలేదు.

నీ మీద కోపం పోయిందనుకోకు. నీకు రెండేళ్లుగా తెలుసు. అడిగితే సిగ్గుపడతానని అడగలేదట. నిజమే, సిగ్గుపడేదాన్ని, తర్వాత చెప్పేదాన్ని. ఏడేళ్లలో ఒక్కరూ అడగలేదు కాబట్టే ఆ బస్సు రాలేదని నేనే నమ్మే దాకా వచ్చాను.

పోయిన వారం సోమందేపల్లె పోయి ఖాతూన్‌ను అడిగాను. వద్దంది. శుక్రవారం నమాజు తర్వాత పెద్దలంతా మా ఇంట్లో కూర్చున్నారు. తెర వెనక నుంచి ఇవతలికి వచ్చి చెప్పాను, "ఆ పిల్లకు ఇష్టం ల్యా. నాకూ ల్యా."

"దాని మనసు నీకెట్ల తెల్సు?" అన్నాడు మీ బావ.

"అడిగినా" అన్నాను.

అప్పటి నుంచి ఈ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. రేపు పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికి పోతున్నాను. ఎన్నాళ్లకో తెలియదు.

విమానం వద్దు, రైల్లోనే రా. వచ్చి, నాయన పోయిన రోజు ఎందుకు రాలేదక్కా అని నన్ను అడుగు. ఇందులో రాశాను కదా అని ఊరుకోవద్దు. నీ నోటితో అడగాలి.

అక్క
జుబేదా