తడపకముందే కత్తెర

12-6-1999, శనివారం, భవాని పేట్

నిద్ర వస్తలేదు. కార్ఖానా కంప్యూటర్ డిస్కును విండోస్‌కు, లినక్స్‌కు రెండు భాగాలు చేసినం. లినక్స్ భాగానికి పాస్‌వర్డ్ తాళం ఉంటది, పక్కోళ్లు మా చద్దర్ల డిజైన్లు కాపీ కొట్టకుండ. నాయిన ఇన్నేండ్లు గీసినయన్ని అండ్లనే ఉన్నయి. విండోస్‌కు జాగ చాలుతలేదని సేఠ్ అంటే, ఇయ్యాల ఆ తాళం భాగాన్ని చిన్నగ చేసిన. ముందుగాల లోపల ఉన్నదాన్ని కుదించి, తర్వాతనే హద్దు జరపాలె. నేను తొందరల హద్దే ముందు జరిపిన. ఇప్పుడు పాస్‌వర్డ్ కొడితే తాళం తెరుచుకుంటది గని, లోపల ఒక్క డిజైన్ గూడ కనిపిస్తలేదు. కోసిన జాగల విండోస్ అప్పుడే రాసేసింది.

నూలు బట్టను తడిపి, ముడుచుకోనిచ్చినంకనే కత్తెర పెట్టాలని నాకు నేర్పింది నాయిననే.

ఇంటికి రాంగనే అడిగిండు, "నా నెమలి డిజైన్ పదిలమేనా బిడ్డా?"

"ఆఁ నాయినా" అన్న. నోరెట్ల వచ్చిందో!

సోమవారం సేఠ్‌కు ఏదో ఒకటి చెప్త. నాయినకు ఏం చెప్పాలె? "అన్ని కంప్యూటర్ల ఉన్నయి, డిజైన్లు తూట్లుగ కొట్టిన ఈ మగ్గం అట్టలింక ఎందుకు" అని మూటగట్టి అమ్మకు పొయ్యిలకిచ్చింది గూడ నేనే. పొద్దుగాల నా తానానికి నీళ్లు కాగింది ఆ నెమలి అట్టలతోటే.