రేణుక రాసిన అర్జీ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఫిల్మ్‌నగర్ బడిలో నువ్వు చెప్పిన సోషల్ ఇప్పుడు నేనే చెబుతున్నాను. ఈరోజు చాలా భయపడ్డాను. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

బడి వెనక గుట్టను సాఫ్ట్‌వేర్ ఆఫీసు కోసం పేలుస్తున్నారు. తొమ్మిదో తరగతి గోడ బీటలు వారింది. బడి వేళల్లో పేల్చవద్దని పిల్లలు మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చారు. అర్జీ ఎలా రాయాలో నేర్పింది నేనే. ఈ ఉదయం ఆ పేలుళ్ల కాంట్రాక్టరు ఇద్దరు మనుషులను వెంటేసుకుని నేరుగా క్లాసులోకి వచ్చాడు.

"గీ అర్జీ ఎవరు రాసిండ్రు?"

సినిమా లైట్‌మన్ కూతురు రేణుక లేచి నిలబడింది.

"నేనే రాసిన సార్. గోడ కూలితే మా మీదనే పడ్తది గదా?"

"మీ నాయన ఏడ పనిచేస్తడు?" అని నవ్వుతూ అడిగాడు.

ఆ పిల్ల జవాబు చెప్పేలోగా వెళ్లి తనకు అడ్డంగా నిలబడ్డాను.

"నేర్పింది నేను. ఏమున్నా నన్నడగండి."

"జర పైలం, టీచరమ్మా," అని హెచ్చరించి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మళ్లీ గుట్టను పేల్చారు. సాయంత్రం రేణుకను షేక్‌పేటలో ఇంటిదాకా దిగబెట్టాను. దారిలో అడిగింది: "టీచర్, ఇప్పుడు కలెక్టర్‌కు రాయాల్నా?"

వద్దనాలనిపించింది అక్కా. కానీ నువ్వుంటే ఏమనేదానివో నాకు తెలుసు.

"రాద్దాం. ఈసారి మొదటి సంతకం నాది," అన్నాను.

ఇంటికొచ్చి తలుపు గడియ వేశాను. వేశానో లేదోనని మళ్లీ లేచి చూసుకున్నాను.

నీ చెల్లి